పూడ్చేసిన బోదెను ముందు తవ్వించండి

ప్రశ్న: నా వయసు అరవై దాటింది. హైదరాబాదులో టీచరుగా చేసి రిటైరయ్యాక, ఈ ఉగాదికి అమలాపురం దగ్గర మా పుట్టింటికి వచ్చేశాను. అమ్మ పోయి ఏడాదిన్నర అవుతోంది. ఇంటి వెనక పదిహేను సెంట్ల పెరడు ఉంది. ఆవిడ ఉన్నన్నాళ్లూ కూరగాయలు కొన్నది తక్కువ. నేను వచ్చాక వేసవిలో మట్టి తోలించి ఎగుడుదిగుడులన్నీ చదును చేయించాను. వెనక దోమలు చేరుతున్నాయని నీళ్లు పోయే బోదె పూడ్పించాను. జులైలో టమాటా నాటితే మొక్కలు పచ్చగా ఉండగానే వాడి చచ్చిపోయాయి. చిక్కుడు పందిరి నిండా అల్లుకుంది, ఒక్క పువ్వు లేదు. ఆనప పిందెలు పసుపురంగుకి మారి రాలిపోతున్నాయి. అమ్మ పెంచిన కరివేపాకు చెట్టు ఆకు రాలుస్తోంది. కొబ్బరి మట్టలు మసి పూసినట్టు నల్లబడ్డాయి. "మీ అమ్మగారి హస్తవాసి మీకు రాలేదండీ" అంటోంది పక్కింటావిడ. మా అబ్బాయేమో పెరడంతా గచ్చు చేయించేద్దాం అంటున్నాడు. ఏ పని ఎప్పుడు చేసేదో అమ్మ ఉండగా అడిగి తెలుసుకోలేదు. ఇప్పుడు ఎవరిని అడగను? ఇక వదిలేయమంటారా?

సమాధానం:

వదలొద్దమ్మా. గచ్చు మాట అసలు వద్దు, దాని గురించి తర్వాత చెబుతాను.

మీ ఉత్తరం చదువుతూ ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. వేసవిలో మట్టి తోలించి చదును చేయించానని, బోదె పూడ్పించానని రాశారు. మీరు చెప్పిన అయిదు బాధల్లో టమాటా, కరివేపాకు రెండూ అక్కడ మొదలైనవేనని నా నమ్మకం. ఆనప, కొబ్బరి సంగతులు వేరు. చిక్కుడయితే బాధే కాదు, అది సరిగ్గానే ఉంది.

కోనసీమ నేల గోదావరి తెచ్చి పోసిన ఒండ్రు. ఇంత బలమైన నేల దొరకడం అదృష్టమే. కానీ ఇది పల్లపు నేల, చాలాచోట్ల బంకమట్టి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువలు వచ్చి పొలాలకు నీళ్లు అందాయి. అలా వచ్చిన నీళ్లు, పైన కురిసిన నీళ్లు మళ్లీ సముద్రం దాకా పోయే దారి కూడా ఉండాలి కదా. గోదావరికి వరద వచ్చి, అటు సముద్రం పోటు మీద ఉంటే మురుగుకాలువలు వెనక్కి తన్నుతాయి, చేలు రోజుల తరబడి మునిగి ఉంటాయి. అందుకే వానాకాలంలో ఇక్కడి రైతుకు నీళ్లు పెట్టడం గురించి కాదు, నీళ్లు బయటికి తీయడం గురించే టెన్షన్. కొబ్బరి తోటల్లో వరసల మధ్య బోదెలు చూసే ఉంటారు. మీ పెరటి బోదె కూడా ఆ పని కోసమే ఉంది. ఎగుడుదిగుడుగా మీకు కనిపించినవి చాలావరకు మళ్లూ గట్లూ అయ్యుంటాయి.

వేరుకు నీళ్లు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. మట్టిలోని సందులన్నీ నీళ్లతో నిండిపోతే గాలి ఆడదు, వేరు కుళ్లుతుంది. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి, నీళ్లలో నిలబడ్డ మొక్క కూడా ఎండకు వాడినట్టే వాడుతుంది. అది చూసి దాహమేమో అనుకుని మనం ఇంకో చెంబు పోస్తాం. బొప్పాయి మొదట్లో ఒకటి రెండు రోజులు నీరు నిలిస్తే చాలు, చెట్టు పోతుంది. మునగ, కరివేపాకు కూడా ఓర్చుకోలేవు.

కాబట్టి ఈ వారమే మనిషిని పెట్టి బోదె తవ్వించండి. పాత బోదె ఎటు పోయి దేనిలో కలిసేదో పక్కవాళ్లను అడిగితే చెబుతారు, అదే దారిలో తీయించండి. మోకాలి లోతు చాలు, కానీ వాలు ఉండాలి. వాలు కుదిరిందో లేదో ఒక మంచి వాన పడ్డప్పుడు గొడుగు వేసుకుని వెళ్లి చూడండి, నీళ్లే చెబుతాయి. దోమల భయం న్యాయమైనదే. అయితే దోమ గుడ్డు పెట్టిన దగ్గర్నుంచి రెక్కలు వచ్చి ఎగరడానికి ఇంచుమించు వారం పడుతుంది. రెండు మూడు రోజుల్లో నీళ్లు లాగేసే బోదెలో దోమ పెరగదు. ఆకులూ కొబ్బరి డొక్కలూ అడ్డం పడి నీళ్లు నిలిచిపోతేనే పెరుగుతుంది. మీ బోదెకు కావలసింది పారతో ఒకసారి చెత్త లాగడం, అంతే.

తీసిన మట్టితో కూరమళ్లు ఎత్తు చేయించండి. మూడు నాలుగడుగుల వెడల్పు, జానెడుకు కొంచెం ఎక్కువ ఎత్తు, మధ్యలో నడవడానికి దారి. బంకమట్టి తడిగా ఉన్నప్పుడు తొక్కితే రాయిలా గట్టిపడుతుంది, అందుకని మడి మీద కాలు పెట్టకుండా రెండు వైపుల నుంచీ చెయ్యి అందేంత వెడల్పే ఉంచమంటున్నాను. బాగా చివికిన పశువుల పెంట, ఊక, కొబ్బరి పీచుపొట్టు కలపండి. ఇసుక కలపమని ఎవరైనా చెబితే తొందరపడొద్దు, బంకమట్టిలో కొద్దిపాటి ఇసుక కలిస్తే ఇంకా గట్టిపడుతుంది. ఆకు, పెంట, పొట్టు ఇలాంటివి ఏటా వేస్తూ పోతేనే ఆ నేల గుల్లబారుతుంది.

కరివేపాకు చెట్టుకు ఇప్పుడే ఒక పని చేయండి. తోలించిన మట్టి దాని మొదలు చుట్టూ ఎంత ఎత్తున చేరిందో చూడండి. వేర్లు మొదలయ్యే చోటు కనిపించేదాకా ఆ మట్టిని చేత్తోనో బొరిగెతోనో మెల్లగా లాగేయండి. గునపం వద్దు, బెరడుకు దెబ్బ తగులుతుంది. మామిడి, సపోటా, జామ ఉంటే వాటి మొదళ్ల దగ్గరా అంతే. కరివేపాకు బతకడానికి అవకాశం బాగానే ఉంది. ఎండిన కొమ్మలు కోసేయండి, ఎరువు మాత్రం ఇప్పుడే వేయకండి. కొత్త చిగురు కనిపించాక పుల్లమజ్జిగ పోసుకోవచ్చు, మన ఇళ్లలో అందరూ పోసేదే. చుట్టూ పిలకలు వచ్చే చెట్టు కనుక, ముందుజాగ్రత్తగా ఒక పిలకను వేరుతో సహా తీసి ఎత్తైన చోట పెట్టండి. అది మీ అమ్మగారి చెట్టే అవుతుంది.

టమాటా విషయంలో రెండు కారణాలు కలిశాయి. బోదె లేకపోవడం ఒకటి, జులైలో నాటడం ఇంకొకటి. ఆకు పచ్చగా ఉండగానే మొక్క వాడిపోయిందంటే బాక్టీరియా వడలు తెగులు అని గట్టి అనుమానం. చచ్చిన మొక్క ఇంకా పీకకుండా ఉంటే కాండం అడుగుభాగం జానెడు ముక్క కోసి, గాజు గ్లాసులో మంచినీళ్లు పోసి, ముక్కను కదలకుండా వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి తెల్లటి దారంలా పాలవంటిది కిందికి జారితే ఆ తెగులే. ఇది నేలలో చాలాకాలం ఉంటుంది, తడి వేడి నేలలో రెచ్చిపోతుంది. మందు కొట్టి తీసేసేది కాదు. ఆ మొక్కలను పీకి కాల్చేయండి, ఎరువు గుంటలోనో బోదెలోనో పడేయొద్దు. ఆ మడిలో రెండు మూడేళ్లు టమాటా, వంగ, మిరప పెట్టకుండా ఆకుకూరలు, గోరుచిక్కుడు, మొక్కజొన్న వేసుకోండి.

టమాటా తినాలనుంటే కొత్తగా ఎత్తు చేసిన మడిలో పెట్టండి. హస్త, చిత్త కార్తెల్లో, అంటే అక్టోబరు మొదటి మూడు వారాల్లో, వాన నేరుగా పడని చోట నారు పోయండి. పాతిక ముప్పై రోజుల నారు నవంబరులో వానలు తెరిపిచ్చాక నాటితే సంక్రాంతి తర్వాత కాయ కోస్తారు. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వారి అర్క రక్షక్ రకం ఈ వడలు తెగులును కొంత తట్టుకుంటుంది, విత్తనం దొరికితే అదే తీసుకోండి.

ఇక హస్తవాసి. పక్కింటావిడ మాటకు మీరు నొచ్చుకున్నారని ఉత్తరంలో తెలుస్తోంది. ఆవిడ అన్నదాంట్లో నిజం ఉంది, కానీ అది చేతిలో లేదు. మీ అమ్మగారు ఈ పెరట్లో ఏ మూల నీరు నిలుస్తుందో, ఏ కార్తెకు ఏ గాలి తిరుగుతుందో ఏళ్ల తరబడి చూశారు. మీరు వచ్చి ఒక్క వానాకాలం కూడా పూర్తి కాలేదు. ఏది ఎప్పుడు చేసేదో అడగలేదన్న బాధ నాకు అర్థమవుతోంది, దాన్ని నేను తీర్చలేను. కానీ అడగడానికి ఎవరూ లేరనుకోవద్దు. మొదట పెరట్లో మిగిలినవాటిని చూడండి. బచ్చలి అంట్లు తోమే చోట ఉండాలి, అరటి స్నానాల నీళ్లు పోయే వైపు, చేమ బోదె ఒడ్డున, కరివేపాకు నూతి దగ్గర ఎత్తు మీద. చూడకుండానే రాస్తున్నాను, మన వైపు పెరళ్లు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. ఏది ఎక్కడుందో అదంతా ఆవిడ ఆలోచించి పెట్టిందే. రెండోది, ఆ పక్కింటావిడనే అడగండి. మీ అమ్మగారిని గోడ మీదుగా అన్నేళ్లు చూసిన మనిషి ఆవిడ. ఏ నెలలో ఏం కోసి పంపేవారు, విత్తనం ఎక్కడ దాచేవారు అని అడిగితే ఇష్టంగా చెబుతుంది. మీ ఇంటి చిక్కుడు విత్తనం ఆవిడ ఇంట్లో ఉన్నా ఆశ్చర్యం లేదు, విత్తనాలు ఇచ్చిపుచ్చుకోవడం మనకు కొత్త కాదు.

చిక్కుడు మాట వచ్చింది కనుక చెబుతాను. దయచేసి పీకొద్దు. పందిరి చిక్కుడులో నాటు రకాలు పగటిపొద్దు తగ్గితేనే పూతకు వస్తాయి. జూన్‌లో పెట్టినా ఆగస్టులో పెట్టినా అవి పూసేది పొద్దు తగ్గాకే. సెప్టెంబరు 23 ప్రాంతంలో పగలూ రాత్రీ సమానమవుతాయి, ఆ తర్వాత రాత్రి పెరుగుతూ పోతుంది. దీపావళి, నాగులచవితి రోజుల నుంచి పూత కోసం చూడండి. ఈలోగా పెంట, యూరియా ఏదీ వేయకండి, వేస్తే ఇంకా ఆకే వస్తుంది. పందిరి రాటలు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకోండి, తడిసిన ఆకు బరువుకు తుఫాను గాలి తోడైతే కూలుతుంది. మంచు మొదలయ్యాక లేత కొమ్మలకు నల్లటి పేనుబంక పడుతుంది. పట్టిన కొసలు తుంచేసి, పొద్దున్నే ఆకు తడిగా ఉండగా జల్లించిన పొయ్యి బూడిద చల్లండి. ఎక్కువైతే లీటరు నీళ్లకు అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం కొట్టండి. రథసప్తమికి సూర్యుడి రథం కట్టడానికి కాయలూ, పరమాన్నం వడ్డించడానికి ఆకులూ మీ పందిరి మీదే దొరుకుతాయి.

ఆనప పిందెలు పసుపురంగుకి మారి రాలడానికి ఎక్కువగా కారణం పుప్పొడి అందకపోవడమే. పిందె ఉన్నది ఆడపువ్వు, సన్నటి పొడుగు కాడ ఉన్నది మగపువ్వు. ఆనప పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. వాన ముసురులో ఆ వేళకు పురుగులు తిరగవు. దీపాలు పెట్టే వేళకు అప్పుడే విచ్చుకున్న మగపువ్వు కోసి, రేకులు తీసేసి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా రాయండి. ఒక మగపువ్వు రెండు మూడింటికి సరిపోతుంది. బీర, పొట్ల కూడా సాయంత్రం పూసేవే. గుమ్మడి, కాకర, దోసకు పొద్దున్నే చేయాలి. ఇలా చేసినా రాలితే పిందెను కోసి చూడండి. లోపల తెల్లటి పురుగులుంటే అది పండు ఈగ పని. రాలినవన్నీ ఏరి లోతుగా పూడ్చేయండి, మంచివాటికి కాగితం సంచి తొడగండి. ఎరువుల కొట్లో పండు ఈగలను ఆకర్షించి పట్టే క్యూల్యూర్ బుట్టలు దొరుకుతాయి, ఒకటి కట్టండి.

కొబ్బరి మట్టల నలుపు తెల్లదోమ వల్ల. రుగోస్ తెల్లదోమ అంటారు. మన దేశంలో మొదట 2016లో తమిళనాడు పొల్లాచ్చి ప్రాంతంలో గుర్తించారు, తర్వాత కోనసీమ తోటల్నీ బాగా ఏడిపించింది. ఆకు అడుగున చేరి రసం పీల్చి, జిగట నీరు విడుస్తుంది. ఆ జిగట మీద పెరిగే బూజే మీరు చూసిన మసి. చెట్టు చావదు, కాపు తగ్గవచ్చు. దయచేసి గాఢమైన పురుగుమందులు కొట్టించకండి. ఈ దోమలో గుడ్లు పెట్టి దాన్ని చంపే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగ జాతి పురుగు ఒకటి ఉంది, మందు కొడితే ముందు చచ్చేది అదే. చిన్న చెట్లయితే మోటారు నీళ్లు జోరుగా ఆకుల అడుగున కొట్టండి. వానలు కూడా దీన్ని తగ్గిస్తాయి. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం మీకు దగ్గరే. దోమ మీద పనిచేసే ఐసేరియా అనే శిలీంధ్రం గురించి అక్కడ అడగండి, ఒక మట్ట ముక్క పట్టుకెళ్లి చూపించండి. చెట్టుకు బలం కూడా కావాలి. పెద్ద చెట్టుకు ఏడాదికి సుమారు కిలో యూరియా, రెండు కిలోల సూపర్ ఫాస్ఫేట్, రెండు కిలోల పొటాష్ రెండు దఫాలుగా వేస్తారు. మొదటి సగం వానల మొదట్లో, రెండో సగం ఇప్పుడు. మొదటికి అయిదారడుగుల దూరం దాకా పాదు చేసి, పెంటతో కలిపి వేయించండి. పొటాష్ మానొద్దు, చాలామంది యూరియా వేసి సరిపెట్టేస్తారు.

తుఫాన్లకు ముందు చేసే పనులు కొన్ని ఉన్నాయి. అక్టోబరు, నవంబరు మన తీరానికి గండం. 1996 నవంబరు 6 తుఫానుకు కోనసీమలో కొబ్బరి చెట్లు వరసలకు వరసలు కూలిపోయిన సంగతి మీ ఊళ్లో పెద్దవాళ్లంతా చెబుతారు. దింపు వాళ్లను పిలిచి ముదిరిన కాయలు, ఎండు మట్టలు దింపించండి. పచ్చిమట్టలు నరకనివ్వద్దు, చెట్టుకు అన్నం పెట్టేది అవే. గెలలున్న అరటికి వెదురు గెడలు పోటు పెట్టించండి. మునగ పై కొమ్మలు కొట్టించండి, ఆ చెట్టు గాలికి ఇట్టే విరుగుతుంది.

ఆ తర్వాత నెలలు సుఖంగా ఉంటాయి. ధనుర్మాసంలో బంతి, చేమంతి, గొబ్బెమ్మలకు గుమ్మడి పూలు. ఇప్పుడు గుమ్మడి గింజ పెట్టినా అప్పటికి పూలు వస్తాయి, మగపూలు మాత్రమే కోయండి, కాయలు తగ్గవు. మాఘంలో మామిడి పూత మీద ఉన్నప్పుడు దానికి నీళ్లు పెట్టొద్దు. అదే సమయంలో వేసవి బీర, దోస, పొట్ల గింజలు పెట్టండి.

నేను మరీ మరీ చెప్పేది వేసవి గురించి. దాళ్వా, అంటే రెండో వరి పంట కోతలయ్యాక కాలువలు కట్టేస్తారు, నూతిలో నీళ్లు కిందికి పోతాయి, సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పదనం పెరుగుతుంది. రోహిణి ఎండలకు రోళ్లు పగులుతాయని ఊరికే అనలేదు. ఆ రోజుల్లో కొత్తగా ఏదీ నాటొద్దు. ఉన్న మొక్కల మొదళ్లకు కొబ్బరి డొక్కలు పీచువైపు కిందికి ఉండేలా పరిచి, పైన ఎండాకు కప్పండి. బియ్యం కడిగిన నీళ్లు, స్నానం నీళ్లు అరటికీ బచ్చలికీ మళ్లించండి. బోదె బాగుచేసుకోవడానికి కూడా అదే అదను. మృగశిర వానలు పడగానే మునగ కొమ్మ, కంద, చేమ, చిక్కుడు, గోంగూర. వచ్చే శ్రావణంలో ఈసారిలా టమాటా కోసం బాధపడకుండా కంద బచ్చలి వండుకోండి. బచ్చలికి మన వానాకాలం భలే ఇష్టం, కంద దుంప తవ్వి దాచుకుంటే నెలలు నిలుస్తుంది.

గచ్చు సంగతి మీ అబ్బాయికి ఇలా చెప్పండి. పదిహేను సెంట్లు గచ్చు చేస్తే, ఇప్పుడు నేలలోకి ఇంకుతున్న వాననీళ్లన్నీ గోడల వైపు, వీధి వైపు పరిగెడతాయి. నూతికి ఊట తగ్గుతుంది. వేసవిలో ఇల్లు కొలిమి అవుతుంది. అతను మీ గురించి భయపడి అంటున్నాడని నాకు అనిపిస్తోంది, వానాకాలం బంక మీద అమ్మ జారి పడుతుందేమోనని. ఆ భయం సబబే, దానికి మందు వేరే ఉంది. వంటింటి గుమ్మం నుంచి నూతి దాకా, అక్కడి నుంచి కూరమళ్ల దాకా రెండడుగుల వెడల్పున ఇటుకలు పరిపించండి, సిమెంటు పోయకుండా ఇసుక మీద. పాచి పడితే బ్లీచింగ్ వేసి రుద్దించండి, ఆ నీళ్లు మళ్లలోకి పోకుండా చూసుకోండి. ఒక వైపు పట్టుకోవడానికి వెదురు దడి కట్టిస్తే దాని మీదికి బచ్చలి పాకించుకోవచ్చు. పదిహేను సెంట్లూ మీరొక్కరే చూసుకోవాలని లేదు. ఈ ఏడాది నాలుగు మళ్లు చాలు. మిగతా చోట అరటి, కంద వేసి వదిలేయండి, వాటికి రోజూ మనిషి అక్కర్లేదు.

చివరిగా, కడియం నర్సరీలకు వెళ్లి ఒకేసారి ఆటో నిండా మొక్కలు తెచ్చుకోవాలనిపిస్తుంది. బోదె తీసి, మళ్లు తయారయ్యేదాకా వెళ్లొద్దు. వెళ్లినప్పుడు జామ, మందార, అరటి మొక్కల ఆకులు తిప్పి అడుగున తెల్లటి చుట్టలు, దూదిలాంటిది ఉన్నాయేమో చూసి కొనండి, తెల్లదోమ ఇంటికి వచ్చే దారుల్లో అదొకటి. తెచ్చినవాటిని వారం పది రోజులు నూతి దగ్గర నీడలో విడిగా ఉంచి, ఏమీ లేదని తేలాక నాటండి.